మెట్ట నుంచి మంచుకొండలకు: సంజీవదేవ్ బొమ్మల దారి

(జగ్గయ్యపేటలో చేసిన సంజీవదేవ్ స్మారకోపన్యాసం పాఠం)



సంజీవదేవ్ ఎవరో ఈ సభకు చెప్పనక్కర్లేదు. 1914 జులై 3న తెనాలి దగ్గరి తుమ్మపూడిలో పుట్టారు. 1999 ఆగస్టు 25న కన్నుమూశారు. ఆయన ఆత్మకథ ‘తెగిన జ్ఞాపకాలు’ ఇక్కడ చాలామంది చదివే ఉంటారు. ఆయన ఉత్తరాలు అందుకున్న ఇళ్లు కూడా ఈ ప్రాంతంలో ఉండే ఉంటాయి. కాబట్టి ఆయన జీవితాన్ని వరసగా అప్పజెప్పడం ఈ ఉపన్యాసం పని కాదు. ఒక్క ప్రశ్న చాలు. కనిపించిన ప్రతిదాని వెనకా ఏముందో తెలుసుకోవాలన్న ఆరాటంతో ఇల్లు వదిలిన కుర్రవాడు, తత్వవేత్త కావలసినవాడు, సన్యాసి అయినా ఎవరూ ఆశ్చర్యపోనివాడు, రంగులపెట్టె ముందు ఎందుకు కూర్చున్నాడు?

దీనికి చాలామంది చెప్పే జవాబు హిమాలయాలు. మంచుకొండలు చూశాడు, మనసు కరిగింది, కుంచె పట్టాడు అని. వినడానికి బాగుంటుంది. అయితే ఆ కొండల్ని చూసినవాళ్లు లక్షల మంది ఉన్నారు. యాత్రకు వెళ్లినవాళ్లలో నూటికి తొంభై తొమ్మిది మంది గంగాజలం తెచ్చుకుంటారు గాని బొమ్మలు తెచ్చుకోరు. ఆయన కొండలెక్కేనాటికే ఆ చూపు సగం తయారై ఉందనీ, అందులో కొంత తయారైంది ఈ మెట్టలోనేననీ నా నమ్మకం.

సంజీవదేవ్ చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకుని, నందిగామ దగ్గరి కోనాయపాలెంలో దగ్గరి బంధువుల ఇంట పెరిగారు. పుట్టింది డెల్టాలో, పెరిగింది మెట్టలో. ఈ తేడా రెండూ ఎరిగినవాళ్లకే తెలుస్తుంది. 1850లలో బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టాక డెల్టా అంతా కాలవలు, వరిచేలు అయింది. అక్కడ ఆకుపచ్చ మన కంటి ఎత్తునే ఉంటుంది. గట్టు మీద కొబ్బరిచెట్టో, తుమ్మచెట్టో అడ్డం వచ్చి చూపును ఆపేస్తుంది. ఇక్కడ అలా కాదు. నల్లరేగడి చేను పరుచుకుని ఉంటుంది, పైన ఆకాశం పరుచుకుని ఉంటుంది, రెంటికీ మధ్య దూరంగా ఒక కొండ గీత. మునేరు వచ్చి కృష్ణలో కలిసేదీ ఇక్కడి చందర్లపాడు అంచునే. వానకోసం ఎదురుచూసే నేల కనుక మెట్ట రైతు రోజుకు పదిసార్లు తల పైకెత్తుతాడు. ఏ మబ్బు కురుస్తుంది, ఏది తేలిపోతుంది అని చూస్తాడు. ఆ ఎదురుచూపుల మధ్య పెరిగిన పిల్లవాడు తర్వాత జీవితమంతా మేఘాల బొమ్మలు వేశాడంటే దానికి హిమాలయాల వరకూ వెళ్లి కారణం వెతకాలా? ఇది రుజువు చేసే కాగితం ఏదీ ఉండదు. అయినా రెండు నేలల్నీ కాలినడకన తిరిగినవాళ్లకు ఇది ఊహగా అనిపించదు.

మబ్బుల మాట వచ్చింది గనక, ఈ ఊరివాళ్లకు బాగా తెలిసిన ఒక రాతి దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. పాలేటి దగ్గరి ధనంబోడు గుట్ట మీది బౌద్ధ స్తూపాన్ని 1882లో పురావస్తు శాస్త్రజ్ఞుడు జేమ్స్ బర్జెస్ తవ్వించినప్పుడు బయటపడ్డ ఫలకం అది. ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. చక్రవర్తి నిలబడి కుడిచెయ్యి పైకెత్తుతాడు. పైన మేఘం నుంచి నాణేలు రాలుతుంటాయి, గుండ్రంగా కాదు, చదరంగా, ఆ కాలపు విద్ధాంక నాణేల్లాగే. చుట్టూ చక్రం, మణి, ఏనుగు, గుర్రం, రాణి, పరివారం. చెక్కడంలో లోతు చాలా తక్కువ, దాదాపు గీతతోనే పని నడిపాడు శిల్పి. క్రీస్తు శకారంభానికి అటూ ఇటూగా ఈ పాలేటి గాలి పీల్చినవాడొకడు వానను డబ్బుగా చూశాడు, చూసి దాన్ని రాతి మీదికి ఎక్కించాడు. మూడో శతాబ్దానికి వస్తే అదే స్తూపం దగ్గర, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలన సంవత్సరంలో, ఆవేసని నాగచంద్రుడి కొడుకు ఆవేసని సిద్ధార్థుడు అయిదు ఆయక స్తంభాలు, అంటే స్తూపం వేదిక మీద నిలిపే స్తంభాలు, నిలబెట్టాడు. ఆవేసని అంటే పనివాళ్లకు పెద్ద, శిల్పి. రాజు పేరు శాసనంలో కాలం చెప్పడానికి పనికొచ్చింది, దాతగా నిలిచింది మాత్రం శిల్పి పేరు. బొమ్మ చేసేవాడి పేరు ఇంత గౌరవంగా రాతికెక్కిన ఊళ్లు దేశంలో ఎక్కువ లేవు. ఇది మీ ఊరు.

ఆ తర్వాతి పదహారు వందల ఏళ్లు త్వరగా దాటేద్దాం. లేపాక్షి కప్పు మీది కుడ్యచిత్రాలు, బందరు, పెడన కలంకారీలు, జమీందారుల రూపచిత్రాలు, 1894లో రవివర్మ అచ్చుయంత్రం మొదలయ్యాక ఇంటింటికీ చేరిన లక్ష్మీ సరస్వతుల పటాలు. వీటి మీద మంచి పుస్తకాలున్నాయి. మనకు కావలసిన కథ 1909లో మొదలవుతుంది.

ఆ ఏడాది ఆస్వాల్డ్ కూల్డ్రే రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వచ్చాడు. 1919 దాకా ఉన్నాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవాడు, కవి, కథకుడు, నీటిరంగుల్లో బొమ్మలు వేసేవాడు. వెళ్లిపోయాక 1924లో ‘సౌత్ ఇండియన్ అవర్స్’ అనే పుస్తకంలో గోదావరి రోజుల్ని తలచుకున్నాడు. ఆయన కంటబడ్డ కుర్రవాళ్లలో ఇద్దరి పేర్లు చాలు: దామెర్ల రామారావు, అడివి బాపిరాజు. రామారావును ఆయన బొంబాయి జె.జె. స్కూల్‌కు పంపే ఏర్పాటు చేశాడు. రామారావు చదువు ముగించుకొచ్చి, 1922లో రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టి, 1925 ఫిబ్రవరి 6న మశూచితో, 28 ఏళ్లు నిండకుండానే పోయాడు. ఆ నష్టం గురించి ఎన్ని గంటలు మాట్లాడినా తక్కువే.

రెండో కేంద్రం బందరు. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల పుట్టింది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య దాన్ని నిలబెట్టారు. బెంగాల్ నుంచి ప్రమోద్ కుమార్ ఛటర్జీ వచ్చి చిత్రకళ నేర్పాడు. సహాయ నిరాకరణలో జైలుకు వెళ్లొచ్చిన బాపిరాజు ఆయన దగ్గర చేరాడు.

ఇక్కడ ఒక పేచీ ఉంది. చాలా ఏళ్లుగా నడుస్తోంది, ఈ వేదిక మీద దాన్ని దాటేసి పోవడం నాకు సాధ్యం కాదు. ఆధునికాంధ్ర చిత్రకళకు పుట్టిల్లు రాజమండ్రా, బందరా?

రాజమండ్రి పక్షం వాళ్లు చెప్పేది ఇది. బందరుది బెంగాల్ అరువు. అవనీంద్రనాథ్ ఠాగూర్ జపాను చిత్రకారుల దగ్గర పట్టుకున్న వాష్ పద్ధతినే ఇక్కడా నేర్పారు: కాగితం మీద నీటిరంగు వేయడం, ఆరాక కాగితాన్ని నీళ్లతో తడిపి రంగును లోపలికి ఇంకనివ్వడం, మళ్లీ వేయడం, మళ్లీ తడపడం, చివరికి బొమ్మంతా పొగమంచులోంచి కనిపించినట్టు చేయడం. అందులో తెలుగు ఎండ ఎక్కడుంది? దామెర్ల బొమ్మల్లో గోదావరి ఒడ్డు ఉంది, తెలుగు ఆడవాళ్ల కట్టూ బొట్టూ ఉన్నాయి, వాళ్ల ఒంటి ఛాయ ఉంది. బందరు పక్షం వాళ్ల జవాబు దీనికి ఎదురు. బొంబాయిలో నేర్పింది ఇంగ్లండు అకాడమీ పాఠమే. ఎదురుగా మనిషిని నిలబెట్టి కొలతలు తీసుకుని వేయడం మన సంప్రదాయమెలా అవుతుంది? అజంతా గీతను మళ్లీ మన చేతికిచ్చింది బెంగాలే.

రెండు పక్షాల్లోనూ పండితులున్నారు. రెండు పక్షాల దగ్గరా బలమైన ఉదాహరణలున్నాయి. అయినా రెండు పక్షాలూ ఒకేరకం పొరపాటు చేస్తున్నాయని చెప్పక తప్పదు. వాళ్లు లెక్క పెడుతున్నది గురువుల్ని. ఎవరి శిష్యుడు ఎవరు, ఎవరికి ఎవరు గీత దిద్దారు అన్నది వాళ్లకు చరిత్ర. ఆ గురువుల్ని రప్పించింది ఎవరని ఒక్కసారి అడిగితే కథ మారిపోతుంది. కూల్డ్రే డ్రాయింగు మాస్టారు కాదు. ఆయనది సాహిత్యం చెప్పే కాలేజీ. ముట్నూరి కృష్ణారావు ‘కృష్ణాపత్రిక’ సంపాదకుడు. పట్టాభి డాక్టరు. బాపిరాజు బి.ఎ. చదివి, లా పాసై, భీమవరంలో వకీలు బోర్డు కట్టి, దాన్ని వదిలేసి బొమ్మలు వేశాడు, నవలలు రాశాడు. కొన్నేళ్లు బందరు కళాశాలకు ప్రిన్సిపాల్, సినిమాలకు కళాదర్శకుడు, హైదరాబాదులో ‘మీజాన్’ సంపాదకుడు. చివరికి ఆ ప్రమోద్ కుమార్ ఛటర్జీ కూడా బందరుకు రాకముందు ఎక్కడ తిరిగాడు? హిమాలయాల్లో, సాధువుల మధ్య. కైలాస మానససరోవర యాత్ర గురించి, తాంత్రికుల సాంగత్యం గురించి బెంగాలీలో గ్రంథాలు రాసినవాడు ఆయన.

అంటే తెలుగునాట ఆధునిక చిత్రకళ మొదలైంది బొమ్మలబడిలో కాదు. చదువుకున్నవాళ్ల ప్రశ్నల్లో, పత్రికాఫీసుల్లో, కాలేజీ వరండాల్లో, యాత్రల్లో మొదలైంది. మనం ఎవరం, మన కళ్లు దేన్ని చూస్తాయి అని వాళ్లు ముందు ఆలోచించారు, ఆ తర్వాతే కుంచె పట్టేవాళ్లను వెతికారు, కొందరు తామే పట్టారు. ఇది ఒప్పుకుంటే రాజమండ్రికీ బందరుకీ మధ్య గొడవ చాలా చిన్నదైపోతుంది. ఒప్పుకోకపోతే ఇంకో అన్యాయం జరుగుతుంది, నా అసలు బాధ అదే. గురుశిష్యుల పట్టిక ఒక్కటే చరిత్ర అయితే సంజీవదేవ్‌కు అందులో గడి ఉండదు. ఆయన రాజమండ్రి శిష్యుడు కాదు, బందరు శిష్యుడు కాదు, డిగ్రీ లేదు, డిప్లొమా లేదు. అందుకే ఆయన్ని ‘ఇతరులు’ అన్న శీర్షిక కిందికి తోసి, వ్యాసకర్త, సౌందర్యతత్వవేత్త, తీరికవేళల్లో బొమ్మలు కూడా వేసేవారు అని రాస్తారు. ఆ ‘కూడా’తో నాకు రాజీ లేదు. జిజ్ఞాస నుంచి కళకు వెళ్లడమే మన చిత్రకళ నడిచిన అసలు దారి అయినప్పుడు, బడి మెట్టు ఎక్కకుండా ఆ దారిలో చివరిదాకా నడిచినవాడు పట్టికకు బయట ఉండడు. మధ్యలో ఉంటాడు.

ఇక ముప్ఫైల దశకం. నాకు అన్నిటికన్నా ఇష్టమైనవీ, ఎక్కువ కాలం వెచ్చించినవీ ఈ ఏళ్లే.

ఇరవై ఏళ్లు అటూ ఇటూగా ఉన్న సంజీవదేవ్ ఉత్తరాదికి వెళ్లారు. ఆశ్రమాల్లో ఉన్నారు, కొండల్లో తిరిగారు, సాధువుల మాటలు విన్నారు. అప్పటి హిమాలయాలంటే ఒక్క జడధారులే అనుకుంటే ఆ కాలం అర్థం కాదు. వివేకానందుడి భక్తుడైన శాస్త్రజ్ఞుడు బోషీ సేన్ 1936లో తన ప్రయోగశాలను కలకత్తా నుంచి అల్మోరాకు మార్చి మొక్కల మీద పరిశోధన నడిపాడు. ఆ అల్మోరాలోనే 1938లో ఉదయశంకర్ నాట్యకేంద్రం పెట్టాడు. పారిస్‌లో చదువుకున్న అమృతా షేర్గిల్ 1934లో తిరిగొచ్చి సిమ్లాలో ఉంటూ, కొండజాతి మనుషుల్ని అంతవరకూ ఎవరూ వేయని తీరులో వేసింది. రాహుల్ సాంకృత్యాయన్ ఆ కనుమలు దాటి టిబెట్టుకు నాలుగుసార్లు వెళ్లి, భారతదేశంలో మాయమైన సంస్కృత గ్రంథాల తాళపత్రాల్ని వెతికి పట్టుకున్నాడు. ప్రశ్న ఉన్న ప్రతివాడూ ఆ దశకంలో ఆ కొండల వైపు నడిచాడు. కోనాయపాలెం కుర్రవాడు సరైన చోటికే వెళ్లాడు.

లక్నోలో అసిత్ కుమార్ హల్దార్‌తో సంజీవదేవ్‌కు కుదిరిన స్నేహం దగ్గర కొంచెం నిదానించాలి. హల్దార్ అప్పుడు లక్నో ప్రభుత్వ కళాపాఠశాలకు ప్రిన్సిపాల్, 1925లో చేరి 1945 దాకా అక్కడే ఉన్నాడు. ఠాగూర్ల బంధువు, అవనీంద్రుడి శిష్యుడు. అంతకన్నా ముఖ్యం, ఆయన కళ్లు గుహల్లో తయారయ్యాయి. 1909 నుంచి రెండేళ్లలో లేడీ హెరింగ్‌హామ్ బృందంతో, నందలాల్ బోసుతో కలిసి అజంతా చిత్రాలకు నకళ్లు తీశాడు. 1914లో రాంగఢ్ కొండల్లోని జోగీమారా గుహ, ఆ తర్వాత బాఘ్ గుహలు. నకలు తీయడం అంటే ఏమిటి? చీకటి గుహలో దీపం పట్టుకుని, పెచ్చులూడిన గోడ మీద గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో వేలితో వెంబడించడం. ఎప్పుడో పోయిన చిత్రకారుడి చెయ్యి ఎక్కడ తొందరపడిందో, ఎక్కడ ఆలోచించిందో ఆ పనిలో తెలుస్తుంది. అలాంటివాడు కాళిదాసు మేఘదూతాన్ని బెంగాలీలోకి తెచ్చి బొమ్మలు కూడా వేశాడు. రాతా గీతా రెండూ ఒకే చేతిలో ఉన్న మనిషి. పుస్తకాలు చదివే తెలుగు కుర్రవాడికి, ఆలోచించేవాడు బొమ్మలు వేయకూడదన్న నియమం ఎక్కడా లేదని కళ్లారా చూపించిన మొదటి పెద్దవాడు హల్దారేనని నేను అనుకుంటాను.

రెండోవాడు రష్యన్ చిత్రకారుడు నికొలాయ్ రోరిక్. సంజీవదేవ్ కులూ లోయలోని నగ్గర్‌లో ఆ కుటుంబానికి అతిథి అయ్యారు. రోరిక్ 1874లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టాడు. తండ్రి నోటరీ. కొడుకు ప్లీడరు కావాలన్నది ఆయన కోరిక. కొడుకు ఇటు యూనివర్సిటీలో లా, అటు అకాడమీలో చిత్రకళ ఒకేసారి చదివాడు. భీమవరం వకీలు బాపిరాజు గుర్తొస్తున్నాడు కదా! పురావస్తువుల తవ్వకాలు, 1913లో పారిస్‌లో స్ట్రవిన్‌స్కీ ‘రైట్ ఆఫ్ స్ప్రింగ్’ నాట్యానికి రంగాలంకరణ, ఆపైన మధ్య ఆసియా అంతా తిరిగిన యాత్ర, ఇవన్నీ అయ్యాక 1928లో కులూ లోయలో స్థిరపడ్డాడు. సుమారు ఆరువేల అడుగుల ఎత్తున ఇల్లు, కింద బియాస్ నది. ఆ ఇంటి పక్కనే ‘ఉరుస్వతి’ పరిశోధన సంస్థ: మూలికలు, భాషలు, టిబెట్టు గ్రంథాలు. పెద్ద కొడుకు యూరీ టిబెట్టు భాషా పండితుడు, చిన్న కొడుకు స్వెతొస్లావ్ చిత్రకారుడు. యుద్ధమొచ్చినా కళాఖండాలనూ విద్యాలయాలనూ ముట్టకూడదన్న ఒడంబడిక మీద 1935 ఏప్రిల్ 15న వాషింగ్టన్‌లో సంతకాలయ్యాయి, దాని వెనక ఉన్నది ఈ నగ్గర్ మనిషే.

ఒకే కప్పు కింద వృక్షశాస్త్రం, భాషాశాస్త్రం, బౌద్ధం, టెంపెరా రంగులు. తెలుసుకోవాలన్న కోరిక ఒక గది, అందం ఇంకో గది అన్న విభజన ఆ ఇంట్లో లేదు. సంజీవదేవ్‌కు నగ్గర్ ఇచ్చింది ఆధ్యాత్మికత అని కొందరంటారు. అది ఆయనకు అంతకుముందే ఆశ్రమాల్లో దొరికింది. నగ్గర్ ఇచ్చింది ఈ కలయిక.

రంగు సంగతి కూడా చెప్పాలి. మన మైదానాల్లో గాలిలో దుమ్మూ తేమా ఉంటాయి, అందుకే దూరపు కొండ పాలిపోయి నీలంగా, అంచులు కరిగి కనిపిస్తుంది. చిత్రకారుడు దూరాన్ని చూపించాలంటే రంగు పలచన చేస్తే చాలు. కొండల పైన గాలి పలచన, పొడి. పదిమైళ్ల అవతలి శిఖరం కూడా కత్తిరించినట్టు అంచులతో నిలబడుతుంది. రోరిక్ వాడే టెంపెరా దానికి బాగా సరిపోయింది. రంగుపొడిని నూనెతో కాకుండా నీటిలో కలిసే జిగురుతో కలిపితే మెరుపు ఉండదు, పొగ ఉండదు, ఊదా ఊదాగానే, నీలం నీలంగానే నిలుస్తుంది. సంజీవదేవ్ ఇదంతా దగ్గరగా చూశారు. చూసి, రోరిక్‌ను అనుకరించకపోవడం ఆయన గొప్ప. తిరిగొచ్చాక ఆయన ఎక్కువగా చేతికి తీసుకున్నవి నీటిరంగులు, పేస్టల్.

పేస్టల్ అంటే రంగుపొడికి కాస్త జిగురు చేర్చి ముద్ద చేసి, కర్రగా ఆరబెట్టింది. కుంచె అక్కర్లేదు, నీళ్లు అక్కర్లేదు, ఆరేదాకా ఆగనక్కర్లేదు. గరుకు కాగితం మీద రాస్తే ఆ గరుకుకు పొడి పట్టుకుంటుంది. వేలికొసతో అద్దితే బూడిదరంగుకూ తెలుపుకూ మధ్య గట్టు చెరిగిపోతుంది. మేఘం వేసేవాడికి ఇంతకన్నా కావలసిందేముంది? మేఘం చిత్రకారుడి కోసం ఆగదు. నైరుతి మబ్బు అయిదు నిమిషాలైనా ఒక్క రూపంలో ఉండదు. నూనెరంగు కలుపుకునేలోగా అది ఎటో వెళ్లిపోతుంది. అందుకే పేస్టల్ చిత్రకారుడు ముందు చాలాసేపు చూస్తాడు, తర్వాత చెయ్యి ఆడిస్తాడు. చూసేటప్పుడు జరిగేది పరిశీలన, దాదాపు శాస్త్రజ్ఞుడి పని. చెయ్యి ఆడేటప్పుడు జరిగేది కళ. సంజీవదేవ్‌లో ఈ రెండూ ఎక్కడ కలిశాయో తెలియాలంటే ఆయన మేఘాల బొమ్మ ముందు నిలబడాలి. పుస్తకాలు మాత్రమే చదివి తీర్పు చెప్పేవాళ్లు ఆ పని చేయరు.

బొమ్మలు ఆయనకు కాలక్షేపమేనని అనేవాళ్లను ఒకటి అడగాలి. ఆయన పుస్తకాల పేర్లు చూడండి: ‘రసరేఖ’, ‘రూపారూపాలు’, ‘దీప్తిధార’, ‘సమీక్షారేఖలు’. రేఖ, రూపం, దీప్తి. తత్వం మాత్రమే రాసేవాడు పుస్తకాలకు ఈ పేర్లు పెడతాడా? ఆయన వచనం కూడా అలాగే నడుస్తుంది. తెలుగులో సాయంత్రపు వెలుగు గురించి రాసినవాళ్లు చాలామంది. ఆ వెలుగు ఏ రంగు పక్కన ఏ రంగుగా మారుతుందో రాసినవాళ్లు తక్కువ. రంగు కలపనివాడికి అది తెలియదు.

అధ్యక్షులవారు గడియారం వైపు చూస్తున్నారు. మిగతాది వేగంగా చెప్పి ముగిస్తాను.

తుమ్మపూడికి తిరిగొచ్చారు, గృహస్థుడయ్యారు, ఆ ఊరే కేంద్రంగా మిగతా జీవితమంతా గడిపారు. ఇంగ్లీషులో కోలవెన్ను రామకోటీశ్వరరావు నడిపిన ‘త్రివేణి’లోనూ, తెలుగులో పత్రికలన్నిటిలోనూ కళ గురించి రాశారు. ఇంగ్లీషు కవితలు ‘బ్లూ బ్లూమ్స్’గా వచ్చాయి. ‘తెగిన జ్ఞాపకాలు’ తర్వాత ‘స్మృతిబింబాలు’, ‘గతంలోకి’ వచ్చాయి, ఆ మూడూ తర్వాత ‘తుమ్మపూడి’ అనే ఒకే ఆత్మకథగా వచ్చాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది. ఉత్తరాల సంగతి చెప్పాలంటే వేరే సభ కావాలి. పెద్ద రచయిత రాసినా, కాలేజీ కుర్రవాడు రాసినా జవాబు వచ్చేది. ఆ జవాబుల్లో ఋతువు ఉండేది, ఆకాశం ఉండేది.

అరవైల నుంచి మన చిత్రకళ దారి మారింది. గుడివాడ ఎస్.వి. రామారావు 1962లో కామన్వెల్త్ స్కాలర్‌షిప్ మీద లండన్ స్లేడ్ స్కూల్‌కు వెళ్లారు. తెలంగాణ నుంచి లక్ష్మాగౌడ్, తోట వైకుంఠం బరోడా వెళ్లారు. చిత్రకళ కాలేజీ చదువైంది, గ్యాలరీలొచ్చాయి, అమ్మకాలొచ్చాయి. వీళ్లంతా గొప్పవాళ్లు. వీళ్ల మీద మాట్లాడటానికి నాకన్నా తగినవాళ్లున్నారు. 2014లో సంజీవదేవ్ శతజయంతి వచ్చి వెళ్లింది. 

చివరిగా ఒక పని గురించి. పేస్టల్ బొమ్మ పొడితో చేసింది. చెయ్యి తగిలితే రాలుతుంది. అద్దం బొమ్మకు అంటుకునేలా ఫ్రేము కడితే అద్దానికే రంగు పడుతుంది. నీటిరంగుల బొమ్మ ఎండ తగిలితే కొన్నేళ్లకే వెలిసిపోతుంది. సంజీవదేవ్ బొమ్మ ఎవరి దగ్గరున్నా అద్దానికీ కాగితానికీ మధ్య అట్ట మౌంటు పెట్టించండి, ఎండ పడని గోడకు తగిలించండి. ఏ బొమ్మ ఎవరి దగ్గరుంది, ఏ కాగితం, ఎంత కొలత, సంతకం ఉందా, తేదీ ఉందా అన్నది ఒక జాబితాగా రావాలి. ఉత్తరాలైతే తేదీ వరసన పెట్టి ఫొటోలు తీసి ఉంచండి. ముఖ్యంగా కోనాయపాలెం నుంచి వచ్చినవాళ్లను అడుగుతున్నాను. ఆయన పెరిగిన ఇల్లు, నడిచిన దారి, చిన్నప్పుడు ఎరిగినవాళ్లు చెప్పిన మాట, ఏ చిన్న సంగతైనా సరే, మీ ఇంటి పెద్దల్ని అడిగి రాసిపెట్టండి. సభ అయ్యాక నేను ఈ వరండాలోనే ఉంటాను, ఇప్పుడు గుర్తొచ్చినవి నాతో చెప్పినా రాసుకుంటాను.